గ్లూకోజు నీళ్ళు

"ఇంకో సెంచా వెయ్యి. నీ సొమ్మేటి పోద్ది?" డ్యూటీకి వెళ్తూ గుమ్మంలోంచే అన్నాడు ఉదయ్‌కుమార్. సత్యశ్రీ మూడో చెంచా గ్లూకోజు పొడి అత్త గ్లాసులో వేసి తిప్పింది. చంకలో రెండేళ్ళ కీర్తన ఆ చెంచా కోసం చెయ్యి చాపుతోంది.

నెల కిందట అత్త సన్యాసమ్మ మతిమరుపు గురించి సీతమ్మధార డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. "ఒంట్లో చక్కెర ఉందమ్మా, మెదడు కణాలు దాన్ని వాడుకోలేకపోతున్నాయి. ఆ వాడకాన్ని బాగుచేసే మందుల కోసమే వెతుకుతున్నారు, ఇంకా రాలేదు." అందులో ఉదయ్ చెవికెక్కింది చక్కెర ఒక్కటే. స్టీల్‌ప్లాంటు షిఫ్టు దిగి వస్తూ నాలుగు గ్లూకోజు డబ్బాలు పట్టుకొచ్చాడు. "అమ్మకి నువ్వు సరిగ్గా పెట్టకే ఇలాగైపోనాది."

డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ సత్యశ్రీ మనసు గాజువాక కాలేజీలో కిటికీ పక్క బెంచీ మీదే ఉంది. జువాలజీ మేడమ్ బోర్డు మీద కణం గీసి, అందులో చిక్కుడుగింజంత మైటోకాండ్రియా పెట్టి, "ఇదే కణానికి పొయ్యి" అనేది. సత్యశ్రీ రికార్డులో దానికి పచ్చరంగు వేస్తే, "పొయ్యికి పచ్చరంగేటే" అని పక్కన కూచునే స్నేహితురాలు శ్రీసత్య బస్సు దిగేదాకా నవ్వింది. ఆ బస్సులో ఉప్పుకారం అద్దిన మామిడిముక్కలు, పళ్ళు పులిసేదాకా. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు పన్నెండు రోజులున్నాయనగా పెళ్ళైపోయింది. "పెళ్ళైన పిల్లకి పరీచ్చలేటే?" అంది అత్త. హాల్‌టికెట్టు పెళ్ళిచీర మడతలో ఉండిపోయింది.

పొయ్యి మండనప్పుడు కట్టెలు కూరితే పొగే కదా అని ఒకసారి అంది మొగుడితో.

"ఇంటర్ తప్పినదానివి, నువ్వా డాక్టరుకి సెప్పేది?"

తప్పలేదు. రాయనివ్వలేదు. ఆ తేడా నాలుగేళ్ళుగా గొంతులోనే ఉంది.

ఇవాళ పొద్దుట్నించీ అత్త చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతోంది, పదే పదే బాత్రూముకి తిరుగుతోంది. ఇవి షుగరు లక్షణాలేనని సత్యశ్రీకి తోచింది. గ్లాసు తూములో పారబోసి, పాపనెత్తుకుని, అత్త చెయ్యి పట్టుకుని వీధి చివర ల్యాబుకి నడిపించుకెళ్ళింది. షుగరు మూడువందల ఎనభై. అక్కణ్ణుంచే ఆటోలో డాక్టరు దగ్గరికి. ఆయన గ్లూకోజు పూర్తిగా మాన్పించి, షుగరుకి మందు రాసి, "వేళకి తెచ్చావమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చాక సన్యాసమ్మ మంచం మీద కూచుని కోడల్ని కొత్తమనిషిలా చూసింది.

"ఏటి సదూతన్నావే పిల్లా?"

"మానేశానండి."

"ఎవులు మానిపించినారు?"

"మా అత్త."

"దానికేటి రోగం? దాంతో నాను సెప్తాను, నువ్వెళ్ళు."

సత్యశ్రీ నవ్వబోయింది. నవ్వు రాలేదు. ముసలమ్మ చీరకొంగుతో ఆమె కళ్ళు తుడిచింది, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి.

మర్నాడు ఉదయ్‌కి షిఫ్టులో వారపు సెలవు. పొద్దున్నే మందులచీటీ అతని చేతిలో పెట్టి, పాపని ఒళ్ళో కూచోబెట్టి, సత్యశ్రీ చెప్పులేసుకుంది. చేతిలో పాత హాల్‌టికెట్టు.

"ఎక్కడికే?"

"కాలేజీకి. పరీక్ష ఫీజు మళ్ళీ కడతాను."

"అమ్మనడిగినావా?"

"అడిగాను," అంది. "ఎళ్ళమంది."