ఆర్నుల్ఫో సర్ ఆస్ట్రేలియా యాస

అర్థం కాకపోయినా నవ్వుతూ "యెస్ సర్" అనెయ్యడం మా సెబూ దీవి వాళ్ళకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ విద్యతోనే మా కాల్ సెంటర్లో కొత్తగా చేరిన రోవెలిన్, మెషీన్ బాగుచేయించమన్న ఆస్ట్రేలియా ముసలాయనకు మూడు కొత్త వాషింగ్ మెషీన్లు పంపించేసింది. మేనేజరు ఆర్నుల్ఫో సర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"మధ్యాహ్నం నేనే కస్టమర్‌లా ఫోన్ చేస్తా. ఈసారీ తడబడితే సామాను సర్దుకో!" అన్నాడు.

సర్దుకుని ఎక్కడికి పోతుంది? తన ఊరు బంతాయన్ దీవికి, చేపలు ఎండబెట్టుకోవడానికి. వెక్కివెక్కి ఏడుస్తున్న ఆ పిల్లను చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"ఏడిస్తే ఇంగ్లీషు వస్తుందటే? అర్థం కాకపోతే 'సారీ, కెన్ యూ సే దట్ అగైన్?' అను. అప్పటికీ కాకపోతే 'ఐ డిడ్ంట్ క్యాచ్ దట్' అను. ఇంకా కాకపోతే 'వాట్ డూ యూ మీన్?' అను."

"సర్‌ని అలా అడగొచ్చా నెనిత అక్కా? కోప్పడరూ?"

"అడిగితే నోట్లో ముత్యాలేం రాలిపోవులే!"

ఫోన్ మోగింది. గాజుగదిలోంచి సర్ మొదలుపెట్టాడు. పెర్త్‌లో రెండు నెలలుండి తెచ్చుకున్న యాస అది. నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది.

రోవెలిన్ మొదటి మాట అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. రెండోది అంది. ఆయన గొంతు పెంచాడు. మూడోది అనేసరికి లేచి నిలబడి, వాషింగ్ మెషీన్‌లా గిరగిరా తిరిగి చూపించాడు. మేం నవ్వాపుకోలేక బల్లల కింద దూరాం. పిల్ల మాత్రం బుద్ధిగా మళ్ళీ మొదటిది అందుకుంది.

సర్ తలుపు తోసుకుని బయటికొచ్చి మా భాషలోనే అరిచాడు.

"నీళ్ళు కారుతున్నాయే తల్లీ! మెషీన్ కింద నీళ్ళు!"

"అలా చెప్పండి సర్! వెనక పైపు బిగించి చూడండి. ఆగకపోతే రేపు మెకానిక్‌ని పంపిస్తా," అంది ఠక్కున.

జవాబులో వంక పెట్టడానికేం లేదు. సర్ కాసేపు తల గోక్కుని, "సరే, ఉద్యోగంలో ఉండు," అన్నాడు. పిల్ల ఎగిరొచ్చి నన్ను వాటేసుకుంది. అంతటితో పోతే బాగుండేది! ఆయనకేదో అనుమానం పుట్టి మా వైపు తిరిగాడు.

"చేరినప్పుడు మీ అందరికీ ఇదే పరీక్ష పెట్టాను. ఒక్కరూ మళ్ళీ అడగలేదు. అందరూ యెస్ సర్, యెస్ సర్ అన్నారు. భేష్ అని పాస్ చేశాను. అసలు మీకేం అర్థమైంది?"

అందరూ నావైపే చూశారు. పెద్దదాన్ని కదా, తప్పుతుందా!

"పాసయ్యామని అర్థమైంది సర్," అన్నాను.