మన మాట మాట్లాడినవాడు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కి కూర్చున్నా పొన్నుతాయి మనసు కుదురుగా లేదు. విరుదునగర్ ఆసుపత్రిలో భర్త తిరుపతిసామికి ఆ సాయంత్రమే గుండె ఆపరేషన్. అందుకు కట్టాల్సిన డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో ఉంది. కార్డు దాచుకున్న పర్సును మాటిమాటికీ తడుముకుంటోంది.

ఫోన్ మోగింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామనీ, కార్డు ఆగిపోతుందనీ తమిళంలో ఎవరో చెప్పారు.

"పోరా పనికిమాలినోడా! నాకా టోపీ ఏసేది?" అని పెట్టేసింది. ఆమెకు కోపమొస్తే తమిళం రాదు, ఇంటి తెలుగే వస్తుంది.

బస్సు ఊరు దాటేసరికి మళ్ళీ ఫోన్. ఈసారి తెలుగు.

"అత్తా, బాగుండారా? బ్యాంకులో రంగనాథన్ని. ఎవడో దొంగ మీకు ఫోన్ చేసినాడంట గదా? మనవాళ్ళు మోసపోకూడదని చేస్తా ఉండా."

పొన్నుతాయికి ప్రాణం లేచివచ్చింది. ఆ నల్లరేగడి పల్లెల్లో బజారుకు తమిళం, గడప లోపల తెలుగు. తెలుగు మాట్లాడితే చుట్టమే. అతని మాటలో కొంత సినిమా తెలుగు వినిపించింది. చదువుకున్న పిల్లవాడు కదా, అని సరిపెట్టుకుంది.

"ఏ ఊరు నాయనా?"

"కడంబూరు అత్తా."

"ఓయబ్బ! మా ఆడబిడ్డను ఇచ్చింది ఆడనే!"

ఆపరేషన్ సంగతీ చెప్పేసింది.

"అయ్యో, అయితే ఆ దొంగకు అందకుండా వెంటనే అడ్డం వేద్దాం. కార్డు మీది నంబరు చదవండి. ఇప్పుడు ఫోన్‌కొచ్చే నంబరు కూడా."

చదివింది. "చల్లగా ఉండు నాయనా" అని దీవించింది కూడా.

సాత్తూరు దగ్గర మెసేజ్ వచ్చింది. ఖాతా ఖాళీ. రంగనాథన్ ఫోన్ ఎత్తలేదు.

ఆసుపత్రిలో తండ్రి దగ్గరున్న కూతురు బృందకు ఎలా చెప్పాలి? ఆసుపత్రి ముందు దిగి, గేటు దగ్గరే అటూ ఇటూ తిరిగింది. మోసపోయినవాళ్ళు సిగ్గుతో నోరు మూసుకున్న ప్రతి నిమిషమూ దొంగదే. చివరకు ఏడుస్తూనే చెప్పేసింది.

"ఎవుడో ఏమో తెలీకుండా ఇచ్చేస్తివా అమ్మా?"

"మన మాట మాట్లాడినాడు మే!"

బృంద అక్కడే నిలబడి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసింది, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించింది. తల్లిని పోలీస్‌స్టేషన్‌కు లాక్కుపోయింది. అంతా విన్న ఎస్సై కలైవాణి తమిళంలో అడిగింది: "మొదటివాణ్ణి ఏ భాషలో తిట్టారు పెద్దమ్మా?"

"తెలుగులోనే" అంది పొన్నుతాయి.

"రెండోవాడూ ఆ ముఠావాడే. మీ తిట్టు విని తెలుగువాడి చేతికి ఫోనిచ్చారు."

వెంటనే చెప్పడం వల్ల సగానికి పైగా డబ్బు దొంగలు తీసుకోకముందే బ్యాంకులో నిలిచిపోయింది. అది తిరిగి చేతికి రావడానికి రోజులు పడుతుందన్నారు. బృంద గాజులు తాకట్టుకు వెళ్ళాయి. ఆపరేషన్ ఆగలేదు.

ఆపరేషన్ గది తలుపు బయట కూర్చున్న పొన్నుతాయి, పలకరించడానికి వచ్చిన చుట్టాలతో ఏ దాపరికమూ లేకుండా చెప్పింది:

"మన మాట మాట్లాడినోడికి మంచినీళ్ళియ్యండి, కూడు పెట్టండి. ఫోన్‌కొచ్చే ఆ నంబరు మాత్రం చెప్పబాకండి. నిజమైన బ్యాంకోడు దాన్ని ఏ బాసలోనూ అడగడు. అడిగినాడంటే, మన బాసలో అడిగినా వాడు దొంగే."