హంస నచ్చలేదేమో

పెళ్లై పదకొండు రోజులు, దీవికొచ్చి అరగంట. గది తలుపు తీయగానే మంచం మీద హంస కూర్చుని ఉంది.

తెల్ల తువ్వాలు మడిచి చేసిన హంస. ఆ మెడ వంపు చూసి కొత్త పెళ్లికూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె బడిలో డ్రాయింగ్ టీచరు. ఏడాదంతా పిల్లల చేత హంసలు వేయించినా ఒక్కదానికీ మెడ ఇంత చక్కగా కుదరలేదు. పెళ్లికొడుకు పళ్ల డాక్టరు. పెట్టెలు కింద పెట్టి, వంగి హంస నోట్లోకి చూడబోయాడు.

"ముట్టుకోకండి," అంది.

"ముట్టుకోను. పళ్లున్నాయేమోనని."

కానీ స్నానం చేశాక తుడుచుకోవడానికి హంసే దిక్కయింది. ఆమె కళ్లు మూసుకుంటే అతను మెడ విప్పాడు. మర్నాడు తడి తువ్వాలు బాత్రూమ్‌లో కింద పడేసి ఇద్దరూ సముద్రం చూడ్డానికి పోయారు. తిరిగొచ్చేసరికి మంచం మీద ఏనుగు, చెవులు చాటంత.

అప్పుడు కనిపెట్టారు కిటుకు. బాత్రూమ్ గోడకి చిన్న అట్ట వేలాడుతోంది. "తువ్వాలు మళ్లీ వాడుకుంటే కొక్కేనికి తగిలించండి. ఉతకాలంటే కింద వేయండి. ఇక్కడ నీళ్లు తక్కువ." మొదటి రెండు మాటలూ ఇద్దరికీ కంఠతా వచ్చేశాయి. మూడోది, కొత్త మోజులో, కంటికి ఆనలేదు.

ఇక చూసుకోండి. డాక్టరు గారు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి స్నానం. టీచరమ్మ ఇసుక కాళ్లు తుడిచిన తువ్వాలు ఒకటి, చెయ్యి జారిందని కాఫీ ఒలికిన తువ్వాలు ఒకటి. కుందేలు వచ్చింది. హేంగర్‌కి వేలాడుతూ కోతి వచ్చింది. పీత వచ్చింది, గుడ్లగూబ వచ్చింది. ప్రతిదాన్నీ ఆమె నోటు పుస్తకంలో బొమ్మ వేసుకుంది. కింద అతను ఒక్కోదానికి ఎన్ని పళ్లుండాలో రాశాడు.

బుధవారం పొద్దున తాబేలు కనిపించేసరికి ఆమెకి ఆగలేదు. ఇవన్నీ మడిచేది ఎవరో చూడాలి, ఆ మెడ కిటుకు నేర్చుకోవాలి అనుకుంటూ వంటగది పక్కనుంచి పెరట్లోకి వెళ్లింది.

పెరట్లో వాన నీళ్లు పట్టే సిమెంటు తొట్టి, గుండెల ఎత్తు. పక్కన ముక్కాలి పీట ఎక్కి, లోపలికి తొంగి చూస్తోంది అతిథిగృహం నడిపే పెద్దమ్మ. వంట, ఊడ్పు, ఉతుకు, అన్నీ ఆవిడే. లోపలి గోడకి ఎర్ర గీత గీసి ఉంది. నీళ్లు ఆ గీతకి ఆనుకుని ఉన్నాయి.

"ఏమ్మా, ఏమన్నా కావాలా మీకు?" అని దిగింది పెద్దమ్మ.

"మడత నేర్పుతారేమోనని వచ్చాను. ఆ గీతేమిటి పెద్దమ్మా?"

"దాని కింద నీళ్లు తాగడానికి, వండడానికే. ఈ తొట్టి నీళ్లతో ఇక ఉతుకు లేదు. నీళ్ల పడవ శనివారం గానీ రాదు."

చుట్టూ సముద్రం, కనుచూపు మేరంతా నీళ్లే. టీచరమ్మకి ఆ అట్ట మీది మూడో మాట అప్పుడు కనిపించింది, కళ్లెదుట ఉన్నట్టే. తర్వాత ఉతకాల్సిన గుట్ట కనిపించింది. చాకిరేవు బండ పక్కన తువ్వాళ్లు, అన్నీ ఎరిగినవే. కాఫీ మరక కుందేలుది.

గుమ్మం దగ్గర చిన్న మూట కూడా ఉంది. పైన ఊలుతో అల్లిన టోపీ, గుప్పెట్లో పట్టేంత.

"మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, పక్క దీవిలో," అంది పెద్దమ్మ. "రేపు ఏడింటికి పడవ. అక్కడికి వారానికి ఒక్కటే. పొద్దున పోతే సాయంత్రానికి రావచ్చు. కానీ మధ్యాహ్నం కొత్తవాళ్లు ఆరుగురు దిగుతున్నారు, ఆరని తువ్వాలు ఎవరికిస్తాం? సాయంత్రం వీధి కుళాయి నీళ్లు పట్టి ఉతికితే రేపటికి ఆరతాయి. తీసి, మడిచి, పక్కలు వేసే మనిషి ఉండాలిగా. టోపీ వచ్చేవారం పంపుతాలే." తర్వాత మర్యాదగా అడిగింది, "మీ ఆయనకి చెమట ఎక్కువా అమ్మా?"

టీచరమ్మ మొహం కందగడ్డ అయింది. "బొమ్మల కోసం పెద్దమ్మా. కొత్తది చూద్దామని కావాలనే పడేశాం."

పెద్దమ్మ పీట మీద కూలబడింది. "నాకు వచ్చింది హంసా, ఏనుగే. రోజూ కింద పడేస్తుంటే, పాపం హంస నచ్చలేదేమో అనుకున్నాను. మధ్యాహ్నం కునుకు మానేసి పీతని కనిపెట్టాను. ఆ తాబేలు తల నిలబడక నా ప్రాణం తీసింది."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అంతకుముందు ఆ సామెత విన్నప్పుడల్లా ఆమె తనని ఎలుక వైపే ఊహించుకునేది.

గదిలోకి పోయి మొగుడికి చెప్పింది. అతను తేలు కుట్టిన దొంగలా తాబేలు పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు.

నాలుగింటికి కుళాయి దగ్గర వరస. ఇంటికి నాలుగు డబ్బాలు, అంతే. తోపుడు బండితో వచ్చిన ఈ జంటని చూసి అందరూ జరిగి దారిచ్చారు.

"అతిథులు, ముందుకి రండి."

"మేం పెద్దమ్మ ఇంటి మనుషులం," అంది టీచరమ్మ, వెనక్కి పోయి చివర నిలబడుతూ. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, "అయితే పట్టుకో," అని తన డబ్బా కూడా చేతిలో పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. ఆమెకి ఎందుకో బహుమతి అందుకున్నట్టనిపించింది.

ఉతుకు దగ్గర పెద్దమ్మ "మీరు" మానేసింది.

"అమ్మాయ్, నురగ కాదు చూడాల్సింది, మరక. జాడించిన నీళ్లు పారబోయకు, తర్వాతి దానికి పనికొస్తాయి. ఏం నాయనా, పళ్లు పీకే చేతులేనా అవి? పిండు."

"పళ్లకి మత్తిస్తాం పెద్దమ్మా. ఇవి ఎదురు తిరుగుతున్నాయి."

తాడు మీద తువ్వాళ్లన్నీ ఎక్కాక, రేపు ఇల్లు మేం చూసుకుంటామన్నా కూడా పెద్దమ్మ మూట ముట్టుకోలేదు. పోయిన ఏడాది ఒకాయన సాయం చేస్తానని దుప్పట్లన్నీ గులాబీ రంగు చేసి పోయాడట. టీచరమ్మ ఒక మంచానికి పక్క వేసి చూపించింది. పెద్దమ్మ మూల మడత రెండుసార్లు విప్పించి, మూడోసారి అరచేత్తో నిమిరి, "ఊఁ," అంది.

గురువారం ఏడింటి పడవలో మూట వెళ్లింది, పెద్దమ్మ ఒళ్లో.

మధ్యాహ్నానికి ఆరు పక్కలూ తయారు, ఒక్కో దాని మీద ఒక్కో ఏనుగు. దిగినవాళ్లలో ఒకావిడ మంచం దగ్గర ఆగింది. "భలే ఉంది కుక్కపిల్ల. ఇలాంటివి రోజూ పెడతారా?"

టీచరమ్మ తొండం సరిచేసింది. "అది ఏనుగండీ," అంది. "ఒక్కసారే పెడతాం. రెండోది కావాలంటే నాలుగింటికి డబ్బా పట్టుకుని నాతో రావాలి. పెరట్లో ఎర్ర గీత చూపిస్తాను, రండి." ఆవిడ వెళ్లి చూసింది. తిరిగొచ్చి, స్నానం చేసి, తువ్వాలు కొక్కేనికి తగిలించింది. డాక్టరు గారు గదిలోకెళ్లి కొక్కేన్ని కళ్లారా చూసొస్తాననబోతే టీచరమ్మ చొక్కా పట్టుకుని ఆపింది.

పొద్దు వాలేటప్పటికి పెద్దమ్మ వచ్చింది. "నిద్రే నిద్ర. టోపీ పెట్టగానే ఒక్క కన్ను తెరిచి చూసింది, మళ్లీ మూసింది. నచ్చినట్టే." అంటూ తన గదిలోకి పోయింది. మంచం మీద ఏదో కూర్చుని ఉంది.

"ఏమిటే ఇది?"

"హంస," అంది టీచరమ్మ.

పెద్దమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. "మెడ ఎటు పోయింది?"

"ఇటే ఉండాలి, పెద్దమ్మా. కాసేపటి క్రితం ఉంది."

పెద్దమ్మ నవ్వుతూ దాన్ని విప్పి, ఉప్పుగాలికి జిడ్డెక్కిన మొహం తుడుచుకుని, తువ్వాలు తీసుకెళ్లి కొక్కేనికి తగిలించింది.

"రేపు పొద్దున రా," అంది. "మెడ నేర్పుతాను. పొడిదానితోనే."