సీలు వెనక కళ్ళజోడు

విదేశాల నుంచి తాళాలు తెప్పించి అమ్మే పెద్దాయనకు ఒక పాడు అలవాటుంది. చదువుతూ మధ్యలో లేస్తే, పేజీ గుర్తుకు కళ్ళజోడు పెట్టి ఫైలు మూసేస్తాడు. కస్టమ్స్ అధికారి ఒకామె తనిఖీకి వచ్చిన రోజూ అదే చేశాడు.

దిగుమతి కాగితాలు ఏళ్ల తరబడి దాచాలి, అడిగితే చూపాలి. తనిఖీ తెమలకపోతే ఫైళ్ళున్న బీరువాకు సీలు వేసే అధికారం కూడా ఆమెకుంది. వేసింది. మళ్ళీ వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పి, చేతిలో నోటీసు పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు జేబు తడుముకున్నాడు పెద్దాయన.

"ఉన్న ఒక్క కళ్ళజోడూ లోపలే ఉండిపోయిందే! సీలు కాస్త పక్కకు జరిపితే..."

"అసలుకే ఎసరొస్తుంది, ఊరుకోండి," అంది భార్య, నవ్వాపుకుంటూ.

నా వ్యాపారంలో వేలు పెట్టకు అని పెళ్ళైన నాటి నుంచీ కసిరే మనిషి, తనే నోటీసు ఆమెకిచ్చాడు. ఆమె చదివింది. అర్థంకాని చోటల్లా ఆగి నిలదీసింది. ఆయన విసుక్కుంటూ మొదలుపెట్టి, చివరికి ఓడల కబుర్లన్నీ చెప్పాడు. ఇద్దరి టీలూ చల్లారిపోయాయి.

వారానికి అధికారి వచ్చి సీలు తీసింది. కాగితాలన్నీ సరిపోయాయి.

"ఇదే దేశం సరుకండీ?" అంటూ ఫైల్లోంచి కళ్ళజోడు తీసి, తనిఖీ రిపోర్టుతో కలిపి ఇచ్చింది.

పెద్దాయన కళ్ళజోడు శుభ్రంగా తుడిచి జేబులో పెట్టుకున్నాడు. రిపోర్టు భార్య చేతికిచ్చి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"చదువు, వింటాను."