మూడు ఊళ్ళ వాల్వులు

"దారిలో నీకేమన్నా అయితే మాకెవరు చెప్తారే?" అన్నాను. అమ్మాయి ఇంకా పెట్టె కూడా సర్దలేదు.

వాళ్ళ ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టాలకి బిగించే వాల్వులు కొనాలట. మనిషి చెయ్యి పెట్టకుండా వాటిని తిప్పే యాక్చువేటర్లు కూడా. మూడు ఊళ్ళలో మూడు కంపెనీలు మేమిస్తామంటే మేమిస్తామన్నాయి. వారం నుంచీ అమ్మాయి భోజనాల బల్ల నిండా కాగితాలు పరుచుకుని, ఎవరిది ఎంత వేడికి తట్టుకుంటుంది, ఎవరిది కరెంటు పోయినా దానంతటది మూసుకుంటుంది అని పోల్చి చూస్తోంది. కంచాలు పెట్టాలంటే నేను వాటిని వరస తప్పకుండా ఎత్తాలి, తిన్నాక వరస తప్పకుండా పరవాలి. ఆ పని నాకెవరూ చెప్పలేదు. నాదైపోయిందంతే.

కాగితం మీద అందరూ బంగారాలేనట, వెళ్ళి కళ్ళెదుట నడిపించి చూస్తేగానీ తేలదట. సంబంధాలకి కూడా ఇంత విచారించరు కదే అన్నాను. పేపరు చాటునుంచి ఆయన, నీకు విచారించకుండానే మంచిది దొరికింది, సంతోషించు అన్నారు. అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటుకొద్దీ.

రైలు తప్పితే, హోటలు గది గడియ సరిగ్గా పడకపోతే, ఆవిరి తగిలి ఒళ్ళు కాలితే... అన్నీ అడిగాను. నీ నోట మంచిమాట రాదా అని ఆయన విసుక్కున్నారు. దీనికి గడప దాటాలంటే భయం, ఇంటిపట్టున పడుంటుందిలే అని మా అత్తగారు మురిసిపోయేది. నా భయం అందరికీ బాగా పనికొచ్చింది. కానీ భయపడ్డప్పుడల్లా ఆ రైలు కిటికీ, ఆ కొత్త గది, పెద్ద షెడ్డులో తిరిగే ఇనుప చక్రాలు నాకెంత స్పష్టంగా కనిపిస్తాయో ఎవరికీ చెప్పలేదు. చూడనివాటి మీద ఎవరైనా బెంగ పెట్టుకుంటారా? నేను పెట్టుకున్నాను.

"నేనూ వస్తానే," అన్నాను.

ఆయన పేపరు దించారు. "ఎందుకూ, వాల్వుల్ని కూడా భయపెట్టడానికా? ఇక్కడ నాకు అన్నం ఎవరు పెడతారు?"

నేను అమ్మాయినే చూస్తున్నాను. అది వద్దంటే ఇంక జన్మలో ఎవర్నీ అడగను, ఆ సంగతి నాకు తెలుసు. అది కాగితాల్లోకి చూస్తూ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. ఆయన పేపరు ఎత్తుకున్నారు. నేను కంచాలు తీసి, కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చాను. అది ఇంకా అలాగే కూచునుంది.

"చెప్పులతో షెడ్డులోకి రానివ్వరమ్మా," అంది చివరికి. "సాయంత్రం వెళ్ళి నీకు బూట్లు కొందాం."