మావయ్య తోమిన కత్తి

ఇంటర్నెట్లో అమ్మకానికొచ్చే పాత జపాన్ కత్తులు అసలువో కావో చెప్పడం నా ఉద్యోగం. వేలం కంపెనీ ఎక్కడో ఉంది. నేను ఈ బెంగాలీ రేవు పట్నంలో, వాట్‌గంజ్‌లో రెండో అంతస్తు గదిలో ఉంటాను. ఫొటోలొస్తాయి, చూస్తాను, రాస్తాను. పదింటిలో ఏడు మోసం. కొత్త ఇనుముకి అంచు వెంట యాసిడ్‌తో తెల్లటి అల గీసినవి, విరిగిన మొన అరగదీసి కొత్త మొన పెట్టినవి, అనామకపు కత్తి మీద గొప్ప కమ్మరి పేరు చెక్కినవి. ఈ పనిలో చేరి ఆరేళ్ళయింది. మనుషుల్ని నమ్మడం మానేసి ఐదున్నరేళ్ళయింది.

కత్తి వయసు పిడిలోకి దూరే ఇనుప తోక మీద ఉంటుంది. వెదురు మేకు తీసి పిడి లాగితే ఆ తోక బయటపడుతుంది. కమ్మరి తన పేరు చెక్కేదీ అక్కడే. తెలిసినవాడెవడూ దాన్ని తోమడు. వందల ఏళ్ళుగా పేరుకున్న ఆ నల్లటి తుప్పే కత్తికి సాక్ష్యం. అది లేకపోతే మిగతాది ఎంత మెరిసినా ఎవరూ నమ్మరు.

అలాంటి కత్తి మా అమ్మ తమ్ముడు అప్పలసూరి మావయ్య ఇంట్లో ఒకటుంది. మా తాత బైరాగి సిక్కోలు నుంచి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోసినవాడు. యుద్ధం అయిపోయిన ఏడాది, నీళ్ళలో పడ్డ నావికుణ్ణి దూకి పైకి లాగితే, ఓడ మీది ఆఫీసరొకడు రంగూన్‌లో దొరికిన ఆ కత్తి బహుమానంగా ఇచ్చాడట. వీధిలో ఒక్కడూ నమ్మలేదు. నాటకాల వాళ్ళు పారేసిన రేకు కత్తి తెచ్చి కోతలు కోస్తున్నాడన్నారు. జపాన్ బైరాగి అని పేరు పెట్టారు. పాడె మోసినరోజు కూడా ఆ పేరు చెప్పుకుని నవ్వారు. మావయ్యని బెంగాలీవాళ్ళు ఇప్పటికీ జపానీ దా, అంటే జపాన్ అన్న, అనే పిలుస్తారు.

మావయ్యకి అరవై తొమ్మిది. ఆయనకి కత్తి అమ్మే ఉద్దేశం లేదు. కావలసింది ఒక కాగితం.

"మా అయ్య అబద్దమాడనేదని ఇంగిలీసులో ఒక ముక్క రాయించరా అల్లుడూ. పటం కట్టించి అయ్య ఫొటో పక్కనెట్టుకుంతాను," అన్నాడు.

మావయ్య కూతురు భాను అమ్మకందారులందరి లాగే కంపెనీకి ఫొటోలు పంపింది. అవి నా దగ్గరికే వచ్చాయి. అంచు చూడగానే ఫొటో పెద్దది చేసి మళ్ళీ చూశాను. ఆ అల యాసిడ్‌తో గీసింది కాదు, నిప్పులో పుట్టింది. తాత నిజమే చెప్పాడు! భానుకి వెంటనే ఫోన్ చేసి, పిడి ఊడదీసి తోక ఫొటో కూడా పంపమన్నాను. తోమొద్దని చెప్పలేదు. ముక్కూమొహం తెలియని అమ్మకందారుకి మొట్టమొదట రాసే మాట అది. ఇంటివాళ్ళే కదా అనుకున్నానో, సంబరంలో ఒళ్ళు మరిచానో, చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం మావయ్యే రమ్మన్నాడు. వానకి గార్డెన్ రీచ్ రోడ్డు మునిగింది. ఆటో దిగి మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళాను. గోడ మీద తాత ఫొటో, పక్కన అప్పుడే కొట్టిన కొత్త మేకు. మంచం మీద తెల్ల తువ్వాలు, దాని మీద కత్తి. తోక కొత్త స్టీలు గరిటెలా తళతళలాడుతోంది.

మావయ్య ముప్పై నాలుగేళ్ళు ఓడలకి పట్టిన తుప్పు గొట్టి బతికినవాడు. సుత్తి, వైర్ బ్రష్, ఉప్పుకాగితం. చివరికి ఇన్‌స్పెక్టర్ వచ్చి వేలితో రుద్ది చూసేవాడు. వేలికి ఎర్రగా అంటిందా, మళ్ళీ మొదట్నించీ కొట్టాలి.

"సూడ్రా. పెద్దోళ్ళు సూసీ ముందు తుప్పు ఒగ్గీడం నాకు సేతకాదు. మూడ్రోజులు పట్టింది," అన్నాడు.

"ఇక్కడ... గీతలేమైనా ఉండాలి కదా మావయ్యా?"

"ఉన్నాయిరా, ఏవో పిచ్చి గీతలు. తుప్పు తినీసినట్టున్నాయి. అయ్యీ నున్నగా సేసీసాను."

కత్తి చేతిలోకి తీసుకున్నాను. తోక అంచున ఉలి దెబ్బ సగం ఒక్కటి మిగిలింది. వేలితో తడిమితే తగిలింది.

"అసల్దేనా?" అన్నాడు మావయ్య. ఆ మొహం చూడలేకపోయాను.

"అసల్దే మావయ్యా," అన్నాను. అది అబద్ధం కాదు. కానీ అది రాయడానికి కావలసిన ఆధారాన్ని ఆయన మూడు రోజులు చెమటోడ్చి తోమేశాడు.

రెండు రోజులు నాన్చి రిపోర్టు పంపాను. "తోకను ఇటీవల గీకారు. సంతకం చెరిపిన ఆనవాళ్ళున్నాయి. వయసు దాచే ఉద్దేశంతో చేసిన మార్పు కావచ్చు. అసలుదని ధ్రువీకరించలేము." మూడో వాక్యం ఇలాంటి ప్రతి రిపోర్టులోనూ కంపెనీ పెట్టే అచ్చు మాట. తీసేస్తే రిపోర్టు వెళ్ళదు. ముందే వెళ్ళి మావయ్యకి చెప్పి ఉండొచ్చు. ధైర్యం చాలలేదు.

భాను ఫోన్ చేసింది. "ఏటి బావా ఇది? నాన మోసం చేశాడని రాసుంది. చదివి వినిపించేశాను కూడా."

ఫోన్ మావయ్య అందుకున్నాడు. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"నాను మోసం సేసేనా అల్లుడూ?"

"నువ్వు కాదు మావయ్యా. ఆ తుప్పే దాని వయసు. ముందే చెప్పాల్సింది. తప్పు నాది."

"అయితే మా అయ్యని నానే అబద్దాలోణ్ణి సేసీసేనన్నమాట," అన్నాడు. మళ్ళీ ఆయనే అడిగాడు. "పోయిన తుప్పు తిరిగి రాదేట్రా?"

మూడు వందల ఏళ్ళు పడుతుందని చెప్పాలి.

"వస్తుందిలే మావయ్యా," అన్నాను.

నిన్న మళ్ళీ భాను. "బావా, నాన రోజూ కత్తి తోకకి ఉప్పునీళ్ళు రాసి కిటికీలో పెడుతున్నాడు. ఎర్రగా పడుతోందని ఒకటే మురిసిపోతున్నాడు. పండగలయ్యాక ఇంకోసారి ఫొటో పంపుతాడట."

ఉప్పునీళ్ళ తుప్పు ఎర్రగా, పొడిగా ఉంటుంది, వేలికంటుతుంది. నేను పట్టుకునే మోసాల్లో అన్నిటికన్నా తేలికైనది అదే. ఆపమని చెప్పబోయాను. వెనక నుంచి మావయ్య గొంతు వినిపించింది.

"అల్లుడితో సెప్పు, వొస్తందని!"

"మంచిది, రానియ్యమను," అన్నాను.