గేటు దాకా బేరం

ఆవిడ వెనక్కి తిరిగి చూడటం వల్లే ఆ కారు చేజారింది, ఇందులో వాదించడానికి ఏమీ లేదు, నీళ్ళు పల్లానికే పారతాయన్నంత నిజం, రెండేళ్ళ కిందట ఇదే రోజున ఇదే షోరూములోంచి లేచి గేటు దాకా నడిచింది, ఇంకో నాలుగడుగులు వేసి రోడ్డెక్కితే ఈ నవ్వుముఖంవాడే మేడం మేడం అంటూ వెనకాల పరిగెత్తుకొచ్చేవాడు, ఎక్కలేదు, గేటు దగ్గర ఆగి మెడ తిప్పింది, తలుపు దగ్గర నిలబడి కళ్ళారా చూశాడాయన, వీడు బల్ల దగ్గర్నుంచి చూసే ఉంటాడు, చూశాక ఇంకెందుకు తగ్గిస్తాడు, బండి మీద మనసుపడ్డవాళ్ళకి ఎవడైనా తగ్గిస్తాడా, ధర మేకు కొట్టినట్టు అక్కడే ఆగిపోయింది, ఆరు నెలలు తిరక్కుండా ఆవిడ పోయింది, పోయినా సరే, చేసిన తప్పు తప్పే, చచ్చిపోయినంత మాత్రాన లెక్క మారుతుందా, మారదు, ఈ సంగతి ఆయన చుట్టాలిళ్ళలో చెప్పాడు, కలప అడితిలో చెప్పాడు, మంగలి కుర్చీలో కూర్చుని చెప్పాడు, ఇందాక కూర్చోగానే ఈ నవ్వుముఖానికి కూడా చెప్పాడు, అప్పుడు మా ఆవిడ వెనక్కి చూసింది కాబట్టి నువ్వు బతికిపోయావు, ఈసారి కుదరదు అని, వాడు నవ్వాడు, వాడు దేనికైనా నవ్వుతాడు, ఇల్లు తగలబడినా ఆ పళ్ళు అలాగే కనిపిస్తాయి.

ఆయన పక్కన కూతురు కూర్చుంది, పళ్ళ డాక్టరు, పొద్దుటి నుంచి జనం నోళ్ళలో తొంగిచూసి వచ్చింది కాబట్టి ఇప్పుడు ఫోనులో తొంగిచూస్తోంది, దారిలో కారులోనే అంతా చెప్పాడు, చూడు, నేను దగ్గుతాను, దగ్గగానే నువ్వు లేచి నాకు నచ్చలేదు నాన్నా అని గేటు దాకా వెళ్ళిపో, వెనక్కి చూడకు, అంతే, పెద్ద విద్య కాదు, నాన్నా నేను పళ్ళు పీకుతాను, నాటకాలాడను, మీ అమ్మ ఆడేది కాదూ, అమ్మకి వేరే దారి లేదు, ఆ మాటకి ఆయనకి ఒళ్ళు మండింది, దారి లేకపోవడమేంటి, ఇంట్లో బీరువా అలా వచ్చింది, కుట్టుమిషను అలా వచ్చింది, ఫ్రిజ్ అలా వచ్చింది, ఇల్లు కూడా అలానే వచ్చింది, ఇల్లమ్మినవాడు వీధి చివరిదాకా ఆవిడ వెంట పరిగెత్తాడు, చెప్పు ఊడిపోతే చేత్తో పట్టుకుని పరిగెత్తాడు, ఈయన మాత్రం అరుగు మీద కూర్చుని ఏం చెయ్యనండీ ఆవిడకి ఇష్టం లేదు అని నిట్టూర్చాడు, ఆ నిట్టూర్పుకి ఎంత తగ్గిందో, అలాంటి జోడు బేరగాళ్ళు ఎక్కడున్నారు, ఆవిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని నోరు మెదపకుండా కూర్చునేది, అదీ ఆయన పెట్టిన నియమమే, సరుకుని అమ్మేవాడి ఎదుట మెచ్చుకోకూడదు, బాగుంది అన్న ఒక్క మాటకి ధర ఒక మెట్టెక్కుతుంది, పెళ్ళయిన కొత్తలో ఒకసారి చీరల కొట్టులో ఎంత బాగుందో అన్నది, బయటికొచ్చాక ఆయన అన్న మాటకి మళ్ళీ ఎప్పుడూ అనలేదు, నేర్చుకుంది, ఎంత నేర్చుకుని ఏం లాభం, ఆఖరి బేరంలో మెడ తిప్పింది.

నవ్వుముఖంవాడు కాగితం మీద అంకెలు గీస్తున్నాడు, సార్ ఇది కంపెనీ ఇచ్చే డిస్కౌంటు, ఇది మా షోరూము తరఫున, మీరు పెద్దవారు కాబట్టి ఇది స్పెషల్, పెద్దవాళ్ళయితే ఏం, తలకింత అని ఇస్తారా, ఆయనకి తెలియనిదేమైనా ఉందా ఇందులో, పల్లెటూరి బడిలో ఎక్కాలు తప్ప ఏమీ చదవలేదు, బెత్తం కింద నేర్చిన ఎక్కాలు చచ్చేదాకా పోవు, దేనికైనా ఒక కాలముంటుంది, కలప వానల్లో కొనాలి, దుంగలు తడిసి అడితిలో ఎవడూ అడక్క పడున్నప్పుడు, కారు నెల మొదట్లో కొనేవాడు వెర్రివాడు, నెలాఖరున కొనేవాడు తెలివైనవాడు, ఏడాది ఆఖరి రోజు పొద్దువాలాక వచ్చి కూర్చునేవాడు వ్యాపారి, టార్గెట్టు అనేది వీళ్ళ పీకల మీద కూర్చుని ఉంటుంది, పైగా తెల్లారితే యార్డులో ఉన్న ప్రతి బండీ నిరుటి బండి, ఒక్క రాత్రికే ముసలిదైపోతుంది, అందుకే కంపెనీ తగ్గింపు, షోరూము తగ్గింపు, పాత బండికిచ్చే ఎక్స్‌ఛేంజి బోనసు, మూడూ కలిసొచ్చేది ఈ ఒక్క రోజే, ఆగాలి, ఆగడం చేతకానివాడు కొనకూడదు, నిదానమే ప్రధానం, ఆవిడ కర్మకాండ రోజు బావమరిది అందరి ముందూ అన్నాడు, ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా బావా, మా అక్క ఆ కారెక్కకుండానే పోయింది, ఆ రోజు నుంచి వాడితో మాటల్లేవు, ఉండవు కూడా, ఇవాళ ఆయనన్న ధరకి బండి కొని ఆ కాగితం ఎవరిచేతైనా వాడింటికి పంపిస్తాడు, చూసుకోరా, తప్పు ఆగినవాడిది కాదు, మెడ తిప్పినదానిది.

ఇంతలో పాత బండి చూడటానికి వెళ్ళిన మెకానిక్కు తిరిగొచ్చాడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, సార్ ఇంజను పర్లేదు, అడుగున తుప్పుంది, ఎడమవైపు తలుపు పైన పట్టుకునే పిడి ఊడిపోయింది, దానిక్కొంచెం తగ్గించాలి, పిడి ఊడితే బండి నడవదా అన్నాడాయన, నడుస్తుంది సార్ కానీ రూలు, కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి, ఆ పిడి ఊడగొట్టింది ఆవిడే, మోకాళ్ళ నొప్పులు, ఆ బండి సీటు నేలకి ఆనినట్టుంటుంది, ముందు నడుం దించి కూర్చోవాలి, తర్వాత ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి, దిగేటప్పుడు ఆ పిడికి వేలాడి లేచేది, లాగి లాగి ఓ రోజు చేతిలోకే ఊడొచ్చింది, పిడి పట్టుకుని అలాగే కూర్చుంది, వస్తువు విలువ తెలీదు నీకు అన్నాడాయన, అప్పుడే అన్నాడు, అమ్మేటప్పుడు దీనికి కోత పెడతారు చూస్తూండు అని, పెట్టారా లేదా, ఆయన అన్న మాట ఎప్పుడు తప్పింది గనక.

అద్దాల గదిలో మేనేజరు, మేనేజరు గారిని ఒక్క మాట అడిగొస్తాను సార్ అని నవ్వుముఖంవాడు లోపలికి వెళ్ళాడు, అడగడు, అడిగేదేం లేదు, లోపల నీళ్ళు తాగి మొహం దిగాలుగా పెట్టుకుని వస్తాడు, వచ్చాడు, పెట్టుకునే వచ్చాడు, సార్ చాలా కష్టపడి ఇంతవరకు తెచ్చాను, ఇక నా చేతుల్లో లేదు, ఇదే సమయం, ఆయన దగ్గాడు, కూతురు ఫోను చూస్తోంది, ఇంకాస్త గట్టిగా దగ్గాడు, కూతురు తలెత్తి సంచీలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పి చేతిలో పెట్టింది, తాగు నాన్నా, నీళ్ళు కాదే, మళ్ళీ దగ్గాడు, ఆగకుండా దగ్గాడు, ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు, నోరు తెరు చూస్తాను అంది, నవ్వుముఖంవాడు లేచి ఏసీ తగ్గించమని ఎవరికో కేకేశాడు, మెకానిక్కు వీపు నిమరబోయాడు, ఛీ, కావాలనే చేసిందో మరిచిపోయే చేసిందో, తల్లి పోలికే అనుకోడానికి లేదు, తల్లి అయితే మొదటి దగ్గు పూర్తయ్యేలోపే లేచేది, కుర్చీ చప్పుడు కూడా చెయ్యకుండా లేచేది, పైగా ఈ పిల్ల బండి వైపు చూసి పెదవి విప్పింది, బాగుంది కదా నాన్నా తీసేసుకుందాం, నాకు క్లినిక్కుంది అంది, అమ్మేవాడి ఎదుట, బాగుంది అని, అయిపోయింది, రెండేళ్ళపాటు కాసుకున్న బేరం బూడిదలో పోసిన పన్నీరు, నవ్వుముఖంవాడి పళ్ళు ఇంకో రెండు కనిపించాయి.

ఇక ఆయనే లేచాడు, నాకొద్దు అన్నాడు, కుర్చీ వెనక్కి పడినంత పనైంది, నాన్నా అని కూతురు, సార్ సార్ అని వాడు, రాత్రికి బండి నిరుటిదైపోతుందిగా, దాంతోపాటు నువ్వూ కూర్చో అని అద్దాల తలుపు తోసుకుని బయటపడ్డాడు, బేరంలో లేచి నడవడం ఆయనకిదే మొదలు, ఇన్నేళ్ళూ కూర్చున్నవాడాయన, నడిచింది ఆవిడ, ఇంత దూరమని తెలీదు, తలుపు నుంచి గేటుకి రెండు పక్కలా బళ్ళు నిలబెట్టారు, మధ్య దారి కొంచెం ఎత్తెక్కుతుంది, కంకర, చెప్పుల కింద జారుతోంది, ఆ మోకాళ్ళతో ఆవిడ ఇదంతా నడిచిందా, సంచీ చంకలో పెట్టుకుని, మెడ నిటారుగా, వీపు మీద అందరి కళ్ళూ ఉన్నట్టుంటుంది, పిలుస్తారో పిలవరో తెలీదు, ఎన్ని కొట్ల ముందు ఇలా నడిచిందో, పిలవని చోట్ల ఎక్కడ నిలబడేదో, ఎండలో ఎంతసేపు నిలబడేదో, ఆయనెప్పుడూ అడగలేదు, అడగాల్సిన పనేముంది, పని ఆవిడది, పిలుస్తున్నాడా వాడు, అడుగుల చప్పుడు లేదు, గేటు వచ్చేసింది, మెడ దానంతటదే తిరుగుతానంటోంది, తిప్పకూడదు, తిప్పితే పోయింది, వాడు బల్ల దగ్గర్నుంచి చూస్తాడు, కానీ వస్తున్నాడో లేదో తెలియాలిగా, తిప్పాడు.

బల్ల కనిపించలేదు, తప్పు చోట నిలబడ్డానేమో అనుకుని ఓ అడుగు పక్కకి వేశాడు, కనిపించలేదు, షోరూము మధ్యలో ఇంత లావు స్తంభముంది, దాని చుట్టూ బొమ్మ అంటించారు, బల్ల, కుర్చీలు, అద్దాల గది, అన్నీ దాని వెనకే, ఆవిడ ఆగింది ఇక్కడే, ఈ గేటు రెక్క మీద చెయ్యేసి, ఇక్కణ్ణుంచి నవ్వుముఖంవాడు కనిపించడు, ఇక్కడున్నవాళ్ళు వాడికీ కనిపించరు, మెడ తిప్పినా తిప్పకపోయినా వాడికి తెలిసే దారే లేదు, చూసింది తలుపు దగ్గరున్న ఆయనొక్కడే, ధర దానిమటుకది ఆగింది, మరి ఆవిడ ఎవరి వైపు చూసినట్టు, తన వైపు కాదు, ఆ చూపు ఆయన భుజం పక్కనుంచి లోపలికి పోయింది, బాగా గుర్తుంది, ఇక్కణ్ణుంచి లోపల కనిపించేది ఒక్కటే, తిన్నె మీద నిలబెట్టిన బండి, అప్పుడూ అదే చోట అదే మోడలు, ఎడమవైపు తలుపు బార్లా తెరిచి పెడతారు, సీటు కనిపిస్తుంది, ఎత్తుగా, కుర్చీ ఎత్తుంటుంది, ఆ రోజు ఆవిడ దాంట్లో కూర్చుంది, దేన్నీ పట్టుకోలేదు, కాళ్ళు చేత్తో ఎత్తలేదు, ఊరికే వెనక్కి జరిగి కూర్చుంది, దిగింది, మళ్ళీ ఎక్కి కూర్చుంది, రెండోసారి ఎందుకెక్కావే, వాడు చూస్తున్నాడు అని ఆయన పళ్ళబిగువున గసిరాడు, దిగి వచ్చి సంచీ ఒళ్ళో పెట్టుకుని నోరు మెదపకుండా కూర్చుంది, ఆయన దగ్గాడు, లేచింది, ఇంత దూరం నడిచి ఆ సీటు వైపు ఒక్కసారి చూసుకుంది, బేరం చెడగొట్టడానికి కాదు, ఎవరైనా పిలుస్తారనీ కాదు, కావాలి కనక చూసింది, బాగుందన్న మాట నోటితో అనకూడదు కనక మెడతో అంది.

సార్ సార్ అంటూ అప్పుడు వచ్చాడు నవ్వుముఖంవాడు, రొప్పుతూ, టై భుజం మీదికెళ్ళింది, మేనేజరు గారు ఒప్పుకున్నారు సార్, మీరన్న ధరే, పిడికి కూడా కోత లేదు, వెనకే కూతురు సంచీ సర్దుకుంటూ వచ్చింది, గెలిచావు కదా నాన్నా, ఇక మామయ్యకి కబురు చెయ్యి, అమ్మ వెనక్కి చూడకపోతే అప్పుడే వచ్చేదని ఇంకో పదేళ్ళు చెప్పుకో, ఈయనకీ వినిపించావుగా ఇందాక, ఆ మాటెత్తకు అన్నాడాయన, ఏ మాట, ఏ మాటా లేదు, అదేంటి ఊరందరికీ చెప్పావు, వాడు నవ్వబోయి ఆయన మొహం చూసి మానుకున్నాడు, వాడి పెదవులు మూసుకోవడం అదే మొదటిసారి చూడటం, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు అని మళ్ళీ లోపలికి నడిచాడు, కంకర మీద, స్తంభం దాటి, తెరిచిన తలుపు పక్కనుంచి, ఆ సీటు వైపు మాత్రం చూడలేదు, కాగితం బావమరిదికి పంపడు, అడితిలో ఎవడైనా ఆ బేరం సంగతేమైందని అడిగితే బేరమేంటంటాడు, కూతురు ఎన్నిసార్లు గుచ్చి అడిగినా ఇంతే, ఎందుకు చెప్పడో అది కూడా చెప్పడు, ఆవిడ వెనక్కి చూసిందన్న మాట ఈ నోట ఇక రాదు.